అనంతగిరి మలుపులు

వికారాబాదు దాటి తాండూరు బస్సు అనంతగిరి ఎక్కుతుంటే అడవిగాలికి ప్రాణం లేచివచ్చింది. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. మలుపు రాగానే పక్కసీటు పెద్దమ్మ అనంతపద్మనాభస్వామికి దణ్ణం పెట్టి, ముందుసీటు కడ్డీ గట్టిగా పట్టుకుంది. ఎదురుగా నాపరాళ్ల లారీ మరి!

లోయ అంచున వేసే ఉక్కు రెయిలింగు గోడలాంటిది కాదు. గుద్దిన బండికి తాను వంగి, వేగాన్ని మింగి, చక్రాలను దారిలోకి మళ్లిస్తుంది. కొస మొండిగా వదిలేస్తే మాత్రం బల్లెమే.

అన్నిటికీ అదే మందు కాదండోయ్. 2025 నవంబరు 3న తాండూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న బస్సును చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పరు ఎదురుగా ఢీకొని 19 మంది పోయారు. అక్కడ కావలసింది రోడ్డు వెడల్పు, నడుమ అడ్డుకట్ట. పాత మర్రిచెట్ల వ్యాజ్యంతో ఆ విస్తరణ ఏళ్ల తరబడి ఆగింది. మర్రులను కూల్చకుండా దారి వేసే ఉపాయం ఇంజనీర్లకు తట్టకపోదు.