కాలువలోని చిన్న చేప

మా కాకుమాను ప్రాంతమునకు కృష్ణనీరు కొమ్మమూరు కాలువవెంట వచ్చును. పిల్లకాలువలనుండి వరిమడులకు నీరు ప్రాకునప్పుడు దానితోగూడ చేపలును వచ్చును. కొఱ్ఱమీనును, జెల్లను, మట్టగిడసను గుర్తింపని బాలుడు మా యూర లేడు. రెండంగుళములు మించని వాని నన్నిటిని మాత్రము పరిగెలనియే పిలిచి యూరకుందుము. కూరలో నన్నియు నొక్కటియే గదా!

వరినాట్ల దినములలో మాలో నొకడు గట్టుప్రక్క కాలువలో నొక చిన్న చేపను బట్టి గాజుసీసాలో దెచ్చెను. వెండివలె మెఱయు నొడలు, దానిపై తోకవఱకు నల్లని చార. పట్టణపు టంగళ్లలో గాజుతొట్లయందు అమ్ము టెట్రాచేప యిదియేయని కొందఱు వాదించి, సీసాపై నా పేరంటించిరి. అది పాఠశాల ప్రదర్శనమున నుంపవలసిన సీసా. పేరు తప్పైనచో, చూడవచ్చిన తల్లిదండ్రులందఱును తప్పునే నేర్చుకొని పోవుదురు. కావున పరీక్షింప బూనితిమి.

టెట్రాల స్వస్థలములు అమెరికా, ఆఫ్రికా ఖండములు. 1936లో శాస్త్రజ్ఞులు పేరిడిన నియాన్ టెట్రా అమెజాను ప్రాంతపు అడవివాగులది. రాలిన యాకులు నానుటచే అచట పెక్కు వాగుల నీరు తేనీటి రంగున నుండును. మా యెండకాలువ యెక్కడ, ఆ చెట్లనీడ యెక్కడ! అయినను చోటునుబట్టియే తీర్పు చెప్పరాదు. తొట్టిచేపలను కాలువలలో విడుచువారును గలరు. చేపనే చూడవలెను. టెట్రాల దవడలకు పండ్లుండును. చాల వానికి వెన్నురెక్కకును తోకకును నడుమ మెత్తని చిన్నరెక్క యొకటి యుండును. భూతద్దముతో వెదకగా మా చేపకు ఈ రెండును లేవు. మఱి, నోటియొద్దనుండి దారములవంటి పొడవైన మీసములు వెనుకకు సాగియున్నవి! ఒడలి నంటియుండుటచే అవి మొదట నెవరికిని కనబడలేదు. ఱొమ్మురెక్కలును పిట్టఱెక్కలవలె పొడవు.

ఈ గుర్తులు గలది ఈసోమస్ అను జాతి. శీలావతికిని బొచ్చెకును దూరపు చుట్టము. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను స్కాట్లండు వైద్యుడు 1822లో ప్రకటించిన గంగానది చేపల గ్రంథమున ఈ జాతిలో నొకదానిని డాన్రికా యని పేర్కొనెను. ఆయన రోహిత, కట్ల మొదలగు దేశీయుల పేళ్లనే పెక్కింటిని శాస్త్రమున నిలిపెను. ఆయన మా జాలరులను గూడ అడిగియుండినచో పరిగెకును ఆ గౌరవము దక్కెడిదేమో!

ఇది నీటి పైభాగముననే తిరుగుచు పురుగులను, దోమపిల్లలను దినును, బెదరినచో ఎగురును. మూతలేని సీసానుండి రెండుమాఱులు బల్లపై బడినది. తుదకు చీటి మార్చి, “ఈసోమస్ – మీసాల పరిగె – కాకుమాను పిల్లకాలువ” అని వ్రాసితిమి. చూడవచ్చిన రైతొకడు, ఎన్నేండ్లుగానో తన మడిలో నెగురు చేపకు మీసములుండుట యిప్పుడే చూచితినని చెప్పి, భూతద్దమును చాలసేపు విడువలేదు.