చెప్పుకోలేని చోట పులిపిరి!

మన సినిమాల్లో హీరోకి జబ్బు చేస్తే గుండెకో, మెదడుకో చేస్తుంది. అదీ హుందాగా! గజ్జల్లో జబ్బు చేసిన హీరోని మీరెప్పుడైనా చూశారా? నేనూ చూళ్లేదు. కానీ బతుకు సెన్సారు వారి మాట వినదు కదా! 33 ఏళ్ల వయసులో నాకు సరిగ్గా అక్కడే మొలిచింది... కందిగింజంత, మెత్తగా, సన్నటి కాడతో వేలాడే కండ.

పెళ్లి కుదిరి నెల కాలేదు. ఇది 'అలాంటి' జబ్బేనా? అయితే ఆ అమ్మాయికేం చెప్పాలి? రెండు రాత్రులు నిద్ర లేదు.

"పులిపిరికి మందేమిటి పిన్నీ?" అని మాటవరసకి అడిగితే, "వెంట్రుక బిగించి కట్టు. లేదా సున్నం పెట్టు" అంది. ఆ చోట సున్నమా! బాబోయ్!

మర్నాడే స్కిన్ డాక్టరు దగ్గరికి బయల్దేరాను. అసలు పరీక్ష గుమ్మంలోనే ఉంది. బోర్డు మీద 'చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల నిపుణులు' అని ఇంతింత అక్షరాలు! మన దేశంలో ఆ మూడూ కలిపి ఒకే చదువు మరి. స్టార్లని నిలదీసి ప్రశ్నలడిగే నాకు, ఆ మెట్లెక్కడానికి రెండు టీలు కావాల్సి వచ్చాయి.

డాక్టరుగారు సినిమా డాక్టరులా కళ్లజోడు తీసి నిట్టూర్చలేదు. డెర్మోస్కోపు అనే భూతద్దంతో అర నిమిషం చూసి, "స్కిన్ ట్యాగ్. ప్రమాదం లేదు, అంటుకోదు" అన్నారు. ప్రాణం లేచొచ్చింది!

"మరి పులిపిరి అంటారేమిటండీ?"

"అదే చిక్కు! జనం రెంటినీ ఒకే పేరుతో పిలుస్తారు. అసలు పులిపిరి హెచ్.పి.వి. వైరస్ వల్ల వస్తుంది. గరుగ్గా ఉంటుంది. ఆ చోట వస్తే దాంపత్యంలో ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది. మీది మెడ, చంక, గజ్జల్లాంటి రాపిడి ఉండే చోట వచ్చేది. లావుగా ఉన్నవాళ్లలో, షుగరున్నవాళ్లలో ఎక్కువ."

వెంట్రుక మాటెత్తితే తల అడ్డంగా ఊపారు. చీము పట్టొచ్చు. పైగా అదేమిటో తేలకుండా కట్టేస్తే, ముదిరే జబ్బు కూడా మాటున దాగిపోవచ్చు. అనుమానం ఉంటే ముక్క తీసి బయాప్సీకి పంపుతారట. నాకు అక్కర్లేదన్నారు.

మత్తు సూది చురుక్కుమంది. తర్వాత కాటరీ... కొంచెం కాలిన వాసన. ఇంటర్వెల్ పూర్తయ్యేలోగా పని పూర్తి! వారం రోజులు ఆయింట్‌మెంటు, వదులు బట్టలు. అంతే.

కానీ అసలు మలుపు షుగరు పరీక్షలో వచ్చింది. మూడు నెలల సగటు 5.9. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మంలో నిలబడ్డట్టే! ఆ కందిగింజ మొలవకపోతే నేను ఆ పరీక్షకి వెళ్లేవాణ్నా?

మిత్రులారా, అబ్బాయిలైనా, అమ్మాయిలైనా, ఆ బోర్డు చూసి వెనక్కి తిరక్కండి. లోపల కూర్చున్నాయన రోజుకి ఎన్ని చూస్తారో! మన సిగ్గు మనకే గానీ ఆయనకి కాదు.

అన్నట్టు, ఆ అమ్మాయికి ఫోన్‌లో అంతా చెప్పేశాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత కిలకిలా నవ్వు.

"అయితే మన పెళ్లిలో మీకు మైసూర్‌పాక్ లేదన్నమాట!"