ఓడలో కరెంటు పని, మారిన పరీక్ష

సావనీరు కమిటీ మిత్రులు వచ్చి, "అన్నా, ఓడల్లో దేశాలు తిరిగినావు కదా, ఏదైనా యాత్రానుభవం రాసియ్యి" అన్నారు. యాత్రానుభవాలు రాసేవారికి కొదవ లేదు. సింగపూరు దీపాలను, పనామా కాలువ తలుపులను ఎవరైనా వర్ణించగలరు. నేను రాయదలచుకున్నది అంతకంటె చప్పని విషయం. ఎక్కడో ఒక నిబంధన మారితే ఓడ ఆఫీసర్ల పరీక్షలు ఎట్లా మారిపోతాయి, ఆ మార్పు మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి పోయిన నాబోటి వాళ్ళ మెడకు ఎట్లా చుట్టుకుంటుంది అన్నది. చప్పగా ఉన్నా ఓపికపట్టి చదవండి. మీలో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ చదివేవారికి రేపు అక్కరకు రావచ్చు.

సముద్రంతో మనకు చుట్టరికం తక్కువ. నేను చదువుకునే నాటికి చిత్తూరు జిల్లాకు తీరమే లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు సూళ్ళూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. ఆ విధంగా ఒక్క ప్రభుత్వ ఉత్తర్వుతో తిరుపతి సముద్రతీరపు జిల్లా అయిపోయింది! కాగితం తలచుకుంటే సముద్రాన్నే తెచ్చి పెట్టగలదు. ఇక మనిషి ఉద్యోగం ఎంత?

మాది పూతలపట్టు పక్కన చిన్న పల్లె. వర్షాధారపు చేన్లో శనక్కాయలు, పదిపన్నెండు మామిడిచెట్లు, ఒక బోరు. నాకు కరెంటు శాస్త్రంలో మొదటి గురువు ఆ బోరు మోటారే. వోల్టేజి పడిపోయి మోటారు కాలడం, నాయన మనుషుల్ని పెట్టి దాన్ని పైకి లాగించడం, వైండింగుకు మోసుకుపోవడం, అప్పు చేయడం - ఇది ఏటేటా జరిగే తంతు. మన యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తిచేసి బయటపడింది 2002లో. రెండేండ్లు అక్కడా ఇక్కడా చిన్న పనులు చేసి, 2004లో ఒక సరుకుల ఓడలో ఎలక్ట్రికల్ ఆఫీసరుకు సహాయకుడిగా చేరినాను.

ఓడలో కరెంటు మన ఊరి కరెంటు వంటిది కాదు. మనకు 50 సైకిల్సు, అక్కడ చాలా ఓడల్లో 440 వోల్టులు, 60 సైకిల్సు. అంతకంటె ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. ఊళ్ళో ఒక వైరు నేలకు తగిలితే ఫ్యూజు పోతుంది, లేదా బ్రేకరు పడుతుంది. ఓడలో న్యూట్రల్‌ను ఇనుప ఒంటికి కలపరు. అందుచేత మొదటి ఎర్తు ఫాల్టుకు ఏదీ ఆగదు, అలారం మాత్రం మోగుతుంది. నడిసముద్రంలో, తుపానులో, చుక్కాని తిప్పే మోటారు ఒక్క వైరు తగిలినందుకే ఆగిపోతే గతేమిటి? అందుకని ఆ ఏర్పాటు. ఆ మొదటి ఫాల్టును, రెండవది రాకముందే వెతికి పట్టుకోవడం ఎలక్ట్రికల్ ఆఫీసరు పని. ఒక్కొక్క సర్క్యూటు ఆపుకుంటూ, మెగ్గరు పట్టుకొని, చలిగిడ్డంగి కంటెయినర్ల వరుసల మధ్య రాత్రంతా తిరిగిన రోజులున్నాయి. ఈ పని నాకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు, చేతులే నేర్చుకున్నాయి.

అప్పట్లో మన దేశపు ఓడ ఆఫీసర్లలో రెండు నిచ్చెనలుండేవి. డెక్కు మీది వారికి సెకండ్ మేట్, ఫస్ట్ మేట్, మాస్టర్ పరీక్షలు. ఇంజనీర్లకు క్లాసుల వారీగా పరీక్షలు. పాసైన వారికి ప్రభుత్వం కాంపిటెన్సీ సర్టిఫికెట్టు ఇస్తుంది. ఎలక్ట్రికల్ ఆఫీసరుకు మాత్రం నిచ్చెనా లేదు, పరీక్షా లేదు. డిగ్రీ, కంపెనీ నమ్మకం, అంతే. సుఖమే అనుకుంటారేమో! పేరుకు ఆఫీసరే గాని, హోదా దగ్గరికి వచ్చేసరికి ఇంజను గదిలో మేము అదనపు మనుషులం.

ఈ పరీక్షల మూలం ఎక్కడుందో రెండు మాటలు చెప్పాలి. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే చమురు ఓడ ఇంగ్లండు నైరుతి కొసన రాళ్ళకెక్కి, లక్ష టన్నులకు పైగా చమురు సముద్రం పాలయింది. ఓడ ఆఫీసరు చదువుకు ఒక్కొక్క దేశం ఒక్కొక్క కొలత పెట్టుకుంటే కుదరదని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ఫలితంగా 1978లో ఎస్.టి.సి.డబ్ల్యూ. అనే అంతర్జాతీయ ఒడంబడిక పుట్టి, 1984లో అమలులోకి వచ్చింది. 1995లో దాన్ని పెద్దయెత్తున తిరగరాశారు. 2010 జూన్‌లో మనీలాలో మళ్ళీ మార్చారు. మనీలా మార్పులు 2012 జనవరి 1న అమలులోకి వచ్చాయి. పాత పద్ధతిలో ఉన్నవారు సర్దుకోవడానికి 2017 జనవరి 1 దాకా గడువు.

ఆ మనీలా కాగితాల్లో మా పేరు మొదటిసారి కనిపించింది: ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు. కొత్తగా వచ్చేవారికి వర్కుషాపు శిక్షణ, ఓడ మీద పని కలిపి కనీసం పన్నెండు నెలలు, అందులో ఆరు నెలలకు తగ్గకుండా సముద్రం మీద. ఆ తరువాత పరీక్ష. మరి మాబోటి పాతకాపుల సంగతి? అమలుకు ముందటి ఐదేండ్లలో పన్నెండు నెలలు ఆ పనిలో ఉన్నవారి అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవచ్చునన్నారు. అయితే కొత్త ప్రమాణాన్ని అందుకున్నట్టు చూపించాలి. ఈ "అయితే" అన్న మాటలోనే మా కథంతా ఉంది.

ఓడ మీద ఉన్నన్నాళ్ళే మాకు జీతం. ఒడ్డున కూర్చొని చదివే ప్రతి నెలా ఖాళీ నెలే. 2015లో నేను చదువుకు దిగేటప్పటికి పొలం మీద బ్యాంకు అప్పుంది, చెల్లెలి పెండ్లి నిశ్చయమై ఉంది. సర్టిఫికెట్టు లేకపోతే గడువు తరువాత ఓడ దొరుకుతుందన్న భరోసా లేదు. మా అమ్మ అడిగింది: "ఏమబ్బోడా, ఇంజనీరు చదివితివి, పదేండ్లు పని జేస్తివి, మళ్ళా ఏం పరీచ్చ?" నేను వివరించబోతే ఆపి, "నీకు పని రాదనా వాళ్ళనేది?" అనింది. దానికి నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

చెన్నైలో ఒక గది తీసుకొని నలుగురం ఉన్నాం. ఇద్దరు డెక్కు కుర్రాళ్ళు, కాకినాడ వైపువారు. తెల్లవారుజామున లేచి, ఓడలు ఒకదానికొకటి గుద్దుకోకుండా పాటించవలసిన నియమాలను అక్షరం పొల్లుపోకుండా వల్లెవేసేవారు. మన వేదపాఠశాల విద్యార్థుల్ని చూసిన కళ్ళకు అది కొత్తగా అనిపించలేదు! వాళ్ళ నెత్తినా మార్పులు పడ్డాయి. కాగితపు పటాల స్థానంలో ఎలక్ట్రానిక్ పటాలు తప్పనిసరి అవుతున్న కాలం అది. సెక్స్‌టెంటుతో నక్షత్రం కొలవడమూ నేర్వాలి, తెర మీద పటం నడపడమూ నేర్వాలి. పాతది పోలేదు, కొత్తది చేరింది.

వారిలో ఒకరు మౌఖిక పరీక్షలో విశ్రాంతి గంటల దగ్గర పడిపోయినాడు. వారానికి కనీస విశ్రాంతి పాత లెక్కలో 70 గంటలు, మనీలా తరువాత 77. సీనియర్లు ఇచ్చిన నోట్సులో 70 అనే ఉంది. ఆ నోట్సు నాలుగైదు చేతులు మారి వచ్చినది. అంచులు నలిగి, పసుపుపచ్చగా మారి, చూస్తే దండం పెట్టాలనిపించేది. కాగితం పవిత్రంగా కనబడినంత మాత్రాన నిబంధన ఆగి ఉంటుందా?

నా పరీక్షలో సగం నాకు కొట్టినపిండి. న్యూట్రల్ ఎందుకు కలపరు అని అడిగితే అరగంట చెప్పగలను. మిగతా సగం అధిక వోల్టేజి. పెద్ద ఓడల్లో 6600 వోల్టుల స్విచ్‌బోర్డులు వచ్చాయి. నేను పనిచేసినవన్నీ 440 ఓడలు. 440 దగ్గర మనిషికి ఒక్కొక్కసారి రెండో అవకాశం ఉంటుంది, 6600 దగ్గర ఉండదు. ఆపి, తాళం వేసి, ప్రాణం లేదని పరీక్షించి, ఎర్తు చేసి, అనుమతి కాగితం మీద సంతకమైన తరువాతనే చెయ్యి పెట్టాలి. ఇది చదువుతున్నప్పుడే నాకు ఈ మార్పు మీద కోపం చల్లారింది. మా అమ్మ ప్రశ్నకు జవాబూ దొరికింది. నాకు పని రాదని కాదు, పనే మారిపోయింది. ఆ ఏడాది చివరలో పాసైనాను.

ఇంకొక మనిషి సంగతి చెప్పకుండా ఉండలేను. పుత్తూరు వైపు అన్న ఒకరు, డిప్లొమా చదివి ఇరవై ఏండ్లకు పైగా ఓడల్లో చేసినాడు. మెగ్గరు లేకుండానే, వాసన చూసి ఏ మోటారు కాలబోతోందో చెప్పగలడు. నాకు పని నేర్పింది ఆయనే. "నేను రాయలేనప్పా. ఇంగ్లీషులో ఆ అయ్యోర్ల ముందర నోరు పెగలదు. చేసి చూపించమంటే చూపిస్తా" అన్నాడు. ఎంత బతిమాలినా దరఖాస్తు పెట్టలేదు. ఇంటికొచ్చి మోటార్ల వైండింగు అంగడి పెట్టుకున్నాడు. నిబంధన ఆయనను వెళ్ళగొట్టిందని అనను. కాని చేతిపనిని చేతితోనే పరీక్షించే భాగం ఎక్కువగా ఉండి, మాట్లాడే భాగం తక్కువగా ఉంటే, ఆయన ఇంకో పదేండ్లు ఓడల్లో ఉండేవాడని ఇప్పటికీ నా నమ్మకం. లెక్చరర్లు కోపగించుకోరాదు, మన కాలేజీ ప్రాక్టికల్సుకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

తమాషా ఏమిటంటే, ఒడంబడిక మాకు సర్టిఫికెట్టు ఇచ్చింది గాని ప్రతి ఓడలోనూ ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసరు ఉండి తీరాలని అనలేదు. కొన్ని యాజమాన్యాలు ఆ మనిషిని తీసేసి, పనిని ఇంజనీర్ల మీదికే నెడుతుంటాయి. పీట వేశారు, విస్తరి వేయడం వాళ్ళ ఇష్టం!

ఈ దారిలోకి రాదలచిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక హెచ్చరిక. ఏజెంటునని ఎవరైనా డబ్బడిగితే ముందు అతనికి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగు వారి ఆర్.పి.ఎస్.ఎల్. లైసెన్సు ఉందో లేదో చూడండి. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని వద్ద రుసుము తీసుకోవడం అంతర్జాతీయ నియమాలకే విరుద్ధం. మా పక్క పల్లె అబ్బాయి ఒకడు పొలం కుదువపెట్టి కట్టిన డబ్బుకు దొంగ కాగితాలు వచ్చాయి. కోర్సులో చేరడానికి ముందే కళ్ళు పరీక్ష చేయించుకోండి. రంగులు సరిగా కనబడనివారికి మా పనిలో చోటు లేదు, వైర్ల రంగుల మీదనే మా ప్రాణాలుంటాయి.

సిలబస్ స్థిరంగా ఉంటుందని మాత్రం ఆశపడకండి. 1958 నాటి మర్చంట్ షిప్పింగు చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఓడల్లో వేధింపులను అరికట్టడం 2026 జనవరి 1 నుంచి నావికుల ప్రాథమిక శిక్షణలో చేరింది. ఒడంబడిక మొత్తాన్ని మళ్ళీ సమీక్షిస్తున్నారు. మిథనాలు, అమ్మోనియా వంటి ఇంధనాలతో నడిచే ఓడలకు ఏమేమి నేర్పాలన్నది ఇప్పటి చర్చ.

సర్టిఫికెట్టుకు ఐదేండ్లే ఆయుస్సు. మంటలార్పడం, ప్రాణరక్షణ శిక్షణలు కూడా ఐదేండ్లకొకసారి మళ్ళీ చూపించుకోవాలి. నాకు ఈసారి గడువు దగ్గరపడింది. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి టిక్కెట్టు తీసుకున్నాను. పాత నోట్సు ఒకటి అటక మీద ఉంది గాని, దాన్ని తీసుకుపోవడం లేదు.