నాయన సంతకం

మా ఇంట్లో బీరువా కింది అరలో ఒక పాత ఫైలుంది. అందులో పదకొండు పేజీల కాంట్రాక్టు. రాత అంతా ఇంగ్లిష్. ప్రతి పేజీ కిందా నాయన సంతకం మాత్రం తెలుగులో.

లా మూడో ఏడాదిలో నేను మా కాలేజీ ఆర్బిట్రేషన్ జర్నల్‌లో చేరాను. ఈ జర్నళ్ల లోకం చాలా చిన్నది. 1984లో జెనీవాలో ‘జర్నల్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్’ మొదలైంది. మరుసటి ఏడాది లండన్ నుంచి ‘ఆర్బిట్రేషన్ ఇంటర్నేషనల్’. మన దగ్గర జోధ్‌పూర్ లా యూనివర్సిటీ విద్యార్థులు నడిపే ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆర్బిట్రేషన్ లా’ ఉంది. దేశాలు దాటిన వ్యాపారంలో గొడవొస్తే కంపెనీలు కోర్టుకు పోకుండా, తామే మధ్యవర్తుల్ని పెట్టుకుని తీర్పు చెప్పించుకుంటాయి. ఆ తీర్పుల మీద వాదోపవాదాలన్నీ ఈ పేజీల్లోనే. నా పని ఫుట్‌నోట్లు సరిచూడటం. ప్రతి వ్యాసంలోనూ ఒకటే మంత్రం: ఆర్బిట్రేషన్‌కి పునాది సమ్మతి.

ఆ ఎండాకాలం సెలవులకి రేణిగుంట వచ్చినప్పుడు నా చేతిలో ఉన్న ప్రూఫు దేవాస్-ఆంట్రిక్స్ కేసు మీద. ఆంట్రిక్స్ అంటే ఇస్రో వ్యాపార విభాగం. శాటిలైట్ స్పెక్ట్రమ్ కోసం దేవాస్‌తో 2005లో ఒప్పందం రాసుకుని 2011లో రద్దు చేసుకుంది. ముగ్గురు మధ్యవర్తులు 2015లో దేవాస్‌కి 56 కోట్ల 25 లక్షల డాలర్లు కట్టమన్నారు. ఆ విచారణకి చట్టరీత్యా సీటు ఢిల్లీ. సీటంటే కూర్చునే కుర్చీ కాదు, ఏ ఊరి కోర్టులకి ఆ విచారణ మీద అజమాయిషీ ఉంటుందో ఆ ఊరు. మన 1996 చట్టం ప్రకారం సీటు ఒకచోట ఉన్నా, విచారణకి ఇంకోచోట కూర్చోవచ్చు.

సాయంత్రం మిద్దె మీద ప్రూఫులు దిద్దుతుంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. శ్రీహరికోటలో రాకెట్ వదిలిన రోజు, ఆకాశం తేటగా ఉంటే ఈ మిద్దె మీంచే చూసేవాళ్లం.

“ఏంది పాపా అది?”

చెప్పాను, నాకు తెలిసినంత.

“అంటే మన పంచాయితీ మాదిరేనా?”

“అట్లాంటిదే నాయనా. ఇద్దరూ ఒప్పుకున్న పెద్దమనిషి తీర్పు చెప్తాడు.”

“ఇద్దరూనా?” అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ ఫైలు. 2014లో నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు నాయన ఒక బయటి కంపెనీకి గోడౌన్ షెడ్డు వేశాడు. వెల్డింగ్, రేకులు అన్నీ మనవే. పని అయ్యాక నాణ్యత లేదని ఆరు లక్షలు ఆపేశారు. ఉత్తరాలు రాస్తే వకీలు నుంచి జవాబొచ్చింది, ఇరవై మూడో క్లాజు చూసుకోమని. ఆ క్లాజు ప్రకారం మధ్యవర్తిని కంపెనీ ఎండీయే నియమిస్తాడు. సీటు ఢిల్లీ, విచారణ కూడా ఢిల్లీలోనే. నాయన పోలేదు. పోయినా ఆడ హిందీలో ఏం మాట్లాడతాడు? ఆయన లేకుండానే తీర్పు అయిపోయింది. వెల్డింగ్ సెట్టు ఒకటి అమ్మి కూలోళ్ల బాకీ తీర్చాడు.

చాలాసేపటికి అన్నాడు: “సంతకం పెట్టినా గానీ, ఒప్పుకోలేదు పాపా. పెట్టకుంటే పని ఇయ్యమన్నారు.”

చేతిలో ప్రూఫు అట్లే ఉండిపోయింది. దేవాస్‌కీ ఆంట్రిక్స్‌కీ ఢిల్లీ సీటే, నాయనకీ ఢిల్లీ సీటే. కానీ వాళ్లకి కోర్టు తర్వాత కోర్టు ఉంది. కంపెనీ పుట్టుకే మోసమని దేవాస్‌ని మూసెయ్యడాన్ని మన సుప్రీంకోర్టు 2022 జనవరిలో సమర్థించింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. 2025లో ఆ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. ప్రతి మలుపుకీ ఒక వ్యాసం. నాయన ఫైలు ఏ ఫుట్‌నోట్‌లోకీ ఎక్కదు.

చట్టం మారలేదని కాదు. గొడవపడే కంపెనీ ఉద్యోగే మధ్యవర్తిగా కూర్చోకూడదని 2015 సవరణ చెప్పింది. అలా కూర్చోకూడని మనిషి ఇంకొకర్ని ఏకైక మధ్యవర్తిగా నియమించనూ కూడదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2024 నవంబర్ 8న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది. అది రైల్వే పనుల కాంట్రాక్టు తగాదా. ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఏకైక మధ్యవర్తిని ఒక పక్షమే నియమించుకునే క్లాజు రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని ఆ తీర్పు. ఎంపికలో ఇద్దరూ సమానంగా ఉండాలి. రైల్వే జంక్షన్ ఊళ్లో మిద్దె మీద కూర్చుని నాయన “ఇద్దరూనా?” అని అడిగింది ఇదే కదా.

ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పాను.

“మన ఫైలుకి పనికొస్తాదా?”

“రాదు నాయనా.”

“సరేలే,” అన్నాడు. “యాడో ఇంకొకడు సంతకం పెడతా ఉంటాడు కదా, వానికి పనికొస్తాది.”

ఇప్పుడు ఒక జర్నల్‌కి వ్యాసం రాస్తున్నాను. మొదటి వాక్యంలో ‘ఇరుపక్షాలూ స్వేచ్ఛగా ఒప్పుకున్న’ అని అలవాటుగా టైపు చేశాను. కాసేపు చూసి, ‘స్వేచ్ఛగా’ తీసేశాను. ‘ఒప్పుకున్న’ దగ్గర ఇంకా ఆగి ఉన్నాను.