బేరింగు చప్పుడు

ఉద్యోగరీత్యా నేను పాఠాలు రాసేవాణ్ణి. బడిపిల్లలకు కాదు, కర్మాగారాల్లో పనిచేసే పెద్దలకు. ఈ-లెర్నింగ్ అంటారు, మీలో కంప్యూటరు కొలువుల వారికి తెలిసినదే. 2009లో నీటి పంపుల మరమ్మతు మీద నలభై తెరల పాఠమొకటి ఫ్లాష్‌లో తయారుచేశాను. (ఫ్లాష్‌కు 2020 చివర నూకలు చెల్లాయి గనుక అదిప్పుడు తెరుచుకోదు.) ప్రతి తెరకూ ‘నెక్స్ట్’ బటను, చివర పది ప్రశ్నలు, ఎనిమిది సరిపోతే ఉత్తీర్ణత. ఎవరు పూర్తిచేశారో, ఎన్ని మార్కులొచ్చాయో సర్వరుకు చేరిపోయేది. ఎవరికి పని వచ్చిందో మాత్రం చేరేది కాదు. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టనూ లేదు.

ఓనాడు ఆ వర్క్‌షాపుకు వెళ్ళవలసివచ్చింది. తొమ్మిది ప్రశ్నలకు సరైన జవాబులిచ్చిన కుర్రవాడొకడు, నడుస్తున్న పంపు ముందు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాడు. పెద్ద మేస్త్రీ వచ్చి, స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీది తొడుగుకు ఆనించి, పిడిని చెవికి ఆనించుకుని కాసేపు విన్నాడు. “బేరింగు పోతోందిరా, విను” అంటూ దాన్ని వాడికి అందించాడు.

“సార్, ఈ చప్పుడు మీ పాఠంలో లేదండీ” అన్నాడు వాడు నాతో. అందులో ఎగతాళి లేదు. అందుకే మరింత గుచ్చుకుంది.

ఆ తరువాతే జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1996లో ప్రచురించిన పుస్తకం చదివాను. జిరాక్స్ కంపెనీ మరమ్మతు సిబ్బంది వెంట తిరిగి రాసినది. మొరాయించిన యంత్రాల కథలు ఒకరికొకరు చెప్పుకుంటూనే వాళ్ళు పని నేర్చుకుంటారనీ, మాన్యువలు చాలని చోట ఆ కథలే ఆదుకుంటాయనీ గమనించాడాయన. అదే కంపెనీలో 1990లలో యురేకా అనే ఏర్పాటు వచ్చింది. సిబ్బంది తమ చిట్కాలు అందులో పెడితే తోటివారే పరీక్షించి ఆమోదించేవారు. చిట్కాతో పాటు చెప్పినవాడి పేరూ ఉండేది.

మేమూ అలాంటిదొకటి మొదలుపెట్టాం, సామాజిక అభ్యసనమని గంభీరమైన పేరుతో. పైవారి ఉత్సాహం కొద్దీ మనిషికి నెలకు రెండు చిట్కాలు తప్పనిసరి అయ్యాయి. ఇంకేముంది, మాన్యువల్లోని వాక్యాలే తిరిగి వచ్చిపడ్డాయి! టీ బడ్డీ దగ్గర అరగంట ధారాళంగా మాట్లాడేవారు, కీబోర్డు ముందు అర్జీ రాస్తున్నట్టు బిగుసుకుపోయారు. ఆ నిబంధన తీయించడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఫోనులో చెబితే చాలు, మేమే రాసుకుంటామన్నాం. పేర్లు వేశాం. అప్పుడు కొందరు కదిలారు.

మేస్త్రీ మాత్రం నోరు విప్పలేదు.

“నాది కాంట్రాక్టు పని బాబూ. ముప్పై ఏళ్ళుగా చెవికెక్కిన చప్పుళ్ళన్నీ మీ పెట్టెలో పోసేస్తే, వచ్చే ఏడు నన్నెందుకు పిలుస్తారు?”

తనను బాబాయ్ అని పిలిచే కుర్రవాడికి అడక్కుండానే నేర్పిన మనిషి ఆయన. ఆయన భయానికి నేను చదివిన పుస్తకాల్లో జవాబు దొరకలేదు. శిక్షకుడిగా జీతమిచ్చి పెట్టుకోమని పైవారికి రాశాను. ప్రశంసాపత్రం ఇచ్చారు.

దాన్ని కుర్రవాడి చేత చదివించుకుని, మడిచి జేబులో పెట్టుకుని, మేస్త్రీ పంపు దగ్గరకు నడిచాడు. వాడు వెనకాలే వెళ్ళాడు.