యంత్రశ్రుతి

వినబడేది శ్రుతి. వేదానికి ఆ పేరు వచ్చింది వినడం వల్లనే. సంగీతానికి ఆధారమైన నాదానికీ అదే పేరు. తంబురా సవరించే విద్వాంసుణ్ణి దగ్గరగా గమనించినవారికి ఒక సంగతి తెలుసు. బిరడలు తిప్పి తంతులను స్థాయికి తెచ్చిన తరువాత కూడా ఆయన పని పూర్తికాదు. గుర్రం మీద తంతి కింద ఉండే చిన్న నూలుపోగును వెంట్రుకవాసి ముందుకు, వెంట్రుకవాసి వెనుకకు జరుపుతాడు. ఎక్కడో ఒకచోట నాదం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఆ నూలుపోగును జీవాళి అంటారు.

నూరు సి.సి. మోటారు సైకిలుకు కూడా ఇటువంటి జీవాళి ఒకటి ఉంది. అది కార్బురేటర్ పక్కన, వేలిగోరంత ప్రమాణంలో, ఒక గుంటలో దాగి ఉండే ఇత్తడి స్క్రూ. దానిని పావుచుట్టు తిప్పితే బండి గొంతు మారిపోతుంది. మెకానిక్ షెడ్లలో ఈ పనిని 'స్లో పెట్టడం' అంటారు. ఈ మాట పండితుల నిఘంటువులలో దొరకదు గాని, గోదావరి మండలంలో బండి నడిపే ప్రతివారికీ తెలుసు.

కార్బురేటర్ చేసే పని వంటింటి పని వంటిదే. గాలినీ పెట్రోలునూ తగుపాళ్ళలో కలిపి ఇంజనుకు అందించడం దాని ధర్మం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దాదాపు 14.7 పాళ్ళ గాలి కావాలి. లెక్క వేసి చూస్తే ఒక్క లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి అవసరమవుతుంది. బండి పెట్రోలు తాగుతుందని మనం అంటాము. నిజానికి అది తాగేదానికన్నా పీల్చేదే ఎంతో ఎక్కువ.

ఈ కలయిక ఎట్లా జరుగుతుందో డెల్టాలో పుట్టినవారికి చెప్పడం సులభం. కాలువ వెడల్పుగా ఉన్నచోట నీరు నిదానంగా పారుతుంది. వంతెన కింద ఇరుకైన చోట పరుగెత్తుతుంది. అట్లే కార్బురేటర్ గొట్టం నడుమ సన్నగా ఉంటుంది. ఇంజను లాగే గాలి అక్కడ వేగాన్ని పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని బెర్నౌలీ 1738లో ప్రకటించిన గ్రంథంలో నిరూపించాడు. ఇరుకు గొట్టాలలో ప్రవాహాన్ని గూర్చి ఇటలీ దేశస్థుడైన వెంచురీ 1797లో రాశాడు. ఆ తగ్గిన పీడనం వల్ల కిందనున్న గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పైకి ఎగసి, తుంపరలై గాలిలో కలుస్తుంది. గిన్నెలో పెట్రోలు ఒకే మట్టంలో ఉండడానికి, ఇంటిమీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతి వంటి ఫ్లోట్ ఒకటి కాపలా కాస్తుంది. ఇంతటి శాస్త్రం పిడికిట్లో ఇమిడే లోహపు ముద్దలో ఉందంటే నమ్మశక్యం కాదు.

మన దేశంలో ఈ పరికరం సామాన్యుని ఇంటి ముంగిటికి వచ్చింది 1985 తరువాత. ఆ యేడు హీరో హోండా సంస్థ నాలుగు స్ట్రోకుల సి.డి. 100 బండిని విపణిలోకి తెచ్చింది. పెట్రోలు పోసి, మూత వేసి, ఇక దాని సంగతి మరచిపొమ్మని ఆ బండి ప్రకటన చెప్పేది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. పాలవారు, చేపలవారు, భీమా ఏజెంట్లు, బడిపంతుళ్ళు అందరూ ఈ చిన్న బండ్ల మీదనే బ్రతుకు బండిని లాగారు. అయితే మరచిపోవడానికి వీలులేని భాగం ఒకటి అందులో ఉండనే ఉంది.

నిడదవోలు ప్రాచీనమైన ఊరు. కాకతి రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఇక్కడి చాళుక్య వంశీయుడే. ఇప్పుడది భీమవరం, నరసాపురం వైపు రైలు మార్గం చీలే కూడలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు పశ్చిమ గోదావరి నుండి తూర్పు గోదావరిలోకి మారింది. ఊరి చుట్టూ పల్లెలు, పల్లెల చుట్టూ వరిచేలు. సమిశ్రగూడెం, తాడిమళ్ళ, విజ్జేశ్వరం మొదలైన గ్రామాలకు రోజూ చీరలు తీసుకుపోయి అమ్మే ఒక వర్తకుడు ఈ ఊరిలో ఉన్నాడు. వయస్సు యాభై దాటింది. అతని దుకాణం, గిడ్డంగి, ఉద్యోగి అన్నీ ఒక పాత నూరు సి.సి. బండి. వెనుక సీటు మీద చీరల మూట కడతాడు. అరువు మీద ఇస్తాడు. వారం వారం వసూలు చేసుకుంటాడు.

ఆ బండి రోజుకు 90 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి ఒక యేడు వరికోతల తరువాత 45కు దిగింది. ఎవరికైనా ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. కాని లీటరున్నరతో గడిచే రోజుకు రెండు లీటర్లు కావలసివచ్చింది. లీటరు ధర 100 రూపాయలు దాటిన కాలంలో అరలీటరు అంటే రోజుకు 50 రూపాయలకు పైమాట. నెలకు 25 రోజులు తిరిగితే 1,250 రూపాయలకు పైగా గాలిలో కలిసిపోతున్నట్లు. ఒక చీర మీద మిగిలేది ఎంతో తెలిసినవారికే ఆ సొమ్ము విలువ తెలుస్తుంది. పైగా రైలు గేటు దగ్గర ఆగినప్పుడల్లా బండి గుడగుడమని ఆగిపోయేది. గేటు ఎత్తాక వెనుకవారు హారన్లు మోగిస్తూ ఉంటే మూటతో సహా పక్కకు నెట్టుకోవలసివచ్చేది.

షెడ్డులో స్లో పెట్టించాడు. రెండు రోజులు బాగానే ఉండి మూడవనాడు మళ్ళీ మొదటికి వచ్చింది. ఇంకొకసారి పెట్టించాడు. ఈసారి బండి ఆగడం మానింది గాని, నిలిపి ఉంచినప్పుడు కూడా అరుస్తూనే ఉండేది. మైలేజీ మాత్రం అంగుళం కూడా కదలలేదు.

ఒక ఆదివారం ఉదయం అతడు తానే పనికి పూనుకున్నాడు. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న కొడుకును పిలిచాడు. పెరటిలో కట్టెల పొయ్యి మీద స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి. ముందు ఆ పొయ్యి ఆర్పించాడు. బండిని వసారాలో గాక ఆరుబయట కొబ్బరిచెట్టు నీడలో నిలిపాడు. మూసిన గదిలో ఇంజను నడిపితే వాసన లేని విషవాయువు పోగుపడుతుంది. ఈ విషయంలో ఎంతటి నిపుణుడికీ మినహాయింపు లేదు.

"నాన్నగారూ, ఆ స్క్రూ కొంచెం తిప్పితే సరిపోతుంది కదండీ?" అన్నాడు కొడుకు.

"తిప్పడం ఆఖరి పనిరా అబ్బాయి. ముందు దాని ఊపిరి సంగతి చూడాలి."

పక్క మూత విప్పి గాలి వడపోసే ఫిల్టరును బయటకు తీశాడు. అది స్పాంజి రకం. పసుపు రంగులో ఉండవలసినది నల్లని అట్టవలె గట్టిపడి ఉంది. కోతల కాలమంతా నూర్పిడి కళ్ళాల పక్కనుండి తిరిగిన బండి అది. ఊక, ధూళి పొరలు పొరలుగా పేరుకున్నాయి. జబ్బు ఇక్కడుంది. గాలి తగ్గితే పాకం చిక్కబడుతుంది. పెట్రోలు సగం మండి సగం పొగగా పోతుంది. ప్లగ్గు విప్పి చూస్తే కాటుక పట్టినట్లు నల్లగా ఉంది. పాళ్ళు సరిగా కుదిరిన బండి ప్లగ్గు లేత గోధుమరంగులో ఉంటుంది. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువైందని, ఇంజను వేడెక్కుతున్నదని గుర్తు. వైద్యుడు నాలుక చూసినట్లు మెకానిక్ ప్లగ్గును చూస్తాడు.

ఫిల్టరును కిరసనాయిలుతో కడిగి, పిండి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజనాయిలు పట్టించారు. కాగితపు రకమైతే కడగకూడదు. దులపాలి, లేదా మార్చాలి. పెట్రోలు ట్యాప్ కట్టి, గిన్నె అడుగునున్న మర వదులు చేసి, అందులోనిది ఒక గాజుసీసాలోకి దించారు. అడుగున రెండు నీటి బొట్లు, నాలుగు తుప్పు రేణువులు తేలాయి. జెట్టును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసి సైకిలు పంపుతో గాలి కొట్టారు. కొడుకు సన్నని తీగ తేబోతే తండ్రి వారించాడు. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది; పెద్దదైన రంధ్రాన్ని ఎవరూ చిన్నది చేయలేరు.

ఇవన్నీ బిగించి, కాలువగట్టు దాకా పోయివచ్చి, ఇంజను బాగా వేడెక్కిన తరువాతనే స్క్రూ డ్రైవరు చేతికి తీసుకున్నారు. చల్లని ఇంజనుకు పెట్టిన శ్రుతి వేడెక్కగానే తప్పుతుంది. ఇంజను ఆపి, కొడుకు స్క్రూను మెల్లగా లోపలికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టాడు. మొన తగిలినట్లు తెలియగానే ఆపాడు. బిగించితే మొన చెడుతుంది. మూడు చుట్లు వచ్చాయి. ఆ బండిలో అది గాలి స్క్రూ; బయటకు తిప్పేకొద్దీ గాలి పెరుగుతుంది. ఫిల్టరు మూసుకుపోయి తగ్గిన గాలిని షెడ్డులో ఇక్కడ తెరిచి భర్తీ చేశారన్న మాట. కొన్ని బండ్లలో ఈ స్క్రూ ఇంజను వైపు ఉంటుంది. అది గాలికి గాక మిశ్రమానికి సంబంధించినది కాబట్టి దానిని తిప్పే దిక్కు తారుమారు.

మైలేజీ ఎందుకు బాగుపడలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఈ స్క్రూ ఏలుబడి బండి నిలిచి ఉన్నప్పుడు, యాక్సిలేటర్ కొద్దిగా తిప్పినప్పుడు మాత్రమే సాగుతుంది. ఆ పైన సూది, పెద్ద జెట్టు రాజ్యం. రైలు గేటు దగ్గర బండి ఆగకుండా చేయవచ్చు గాని, తాడిమళ్ళ దారిలో పెట్రోలు వృథా కాకుండా చేయడం ఈ స్క్రూ వల్ల కాదు. చాలామంది లోపాన్ని వెదకకుండా దానిని స్క్రూతో కప్పిపుచ్చుతారు. వ్యాకరణం తప్పిన వాక్యానికి అలంకారాలు తగిలించడం వంటిది ఇది.

కొడుకు ఒకటిన్నర చుట్టు బయటకు తిప్పి కిక్కు కొట్టాడు. స్లోను కాస్త పెంచి ఉంచారు.

"ఎన్ని చుట్లకు ఆగాలండీ?"

"పుస్తకంలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. నువ్వు పావు పావు తిప్పు. బండి చెప్పినచోట ఆగు."

పావుచుట్టు తిప్పితే శబ్దం కొద్దిగా లేచింది. ఇంకొక పావు తిప్పితే తడబడింది. వెనుకకు వస్తే మళ్ళీ లేచింది. ఇటువంటి బండి నిలిచి ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 1,400 చుట్లు తిరగాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒక పేలుడు. అంటే సెకనుకు దాదాపు 12. అన్నింటిని చెవి లెక్కపెట్టలేదు. కాని వాటిలో ఒక్కటి తప్పినా చెవి పట్టుకుంటుంది. ఇది వివరించడానికి మాటలు చాలవు. కొడుకు మూడుసార్లు అటూ ఇటూ పోయి, నాలుగవసారి తనంతట తానే చేయి తీశాడు. తండ్రి తల ఊపాడు. అప్పుడు స్లో స్క్రూను తగ్గిస్తూ వచ్చారు. అరుపు గొణుగుడై, గొణుగుడు నెమ్మదైన చప్పుడై నిలిచింది. యాక్సిలేటర్‌ను ఒక్కసారి తిప్పి వదిలారు. బండి తడబడకుండా లేచి, ఆగకుండా దిగింది.

ఈ విద్యకు కాలం చెల్లుతున్న మాట నిజమే. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త ద్విచక్రవాహనాలలో కార్బురేటర్ స్థానాన్ని ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమించింది. అందులో పొగ గొట్టంలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరం పాళ్ళు చెబుతుంది. చిన్న కంప్యూటరు క్షణక్షణం సవరిస్తుంది. గాలి శుభ్రతకు అది మేలు. దానిని చూసి విచారించడం తగదు. కాని పల్లెదారులలో పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి మీద బ్రతికేవారూ ఉన్నారు. పైగా వాటికి కొత్త చిక్కు ఒకటి వచ్చిపడింది. పెట్రోలులో 2022 నాటికి 10 శాతం, 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్టు గుండా వచ్చే పాకం పలచబడుతుంది. అది తేమను పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి కదలని బండి గిన్నెలో నీరు చేరడానికి ఇదొక కారణం. కంప్యూటరు ఈ తేడాను చాలావరకు తానే సర్దుకుంటుంది. పాత బండికి మనిషే సర్దాలి.

మరుసటి శనివారం ట్యాంకు నింపి చూస్తే లీటరుకు 58 కిలోమీటర్లు వచ్చింది. వంటింటి గోడమీది క్యాలెండరులో పాలలెక్క పక్కన 'ఒకటీ ముప్పావు' అని రాసి ఉంది. అది కొడుకు చేతిరాత. ఫిల్టరు కడిగే తారీఖులు కూడా అతడే నెలనెలా గుర్తు పెడుతున్నాడు. రాత్రి బండి నిలిపేటప్పుడు పెట్రోలు ట్యాప్ కట్టడం మాత్రం ఇంకా తండ్రే జ్ఞాపకం చేయవలసివస్తోంది.