పుంజు ఖరీదు పందెం గెలవదు

సంక్రాంతి బరుల దగ్గర నిలబడ్డ గోదావరి వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వేలు పోసి కొన్న పుంజు ఒక్కోసారి ఒక్క దెబ్బకే కూలబడుతుంది. అయినా మరుసటేడూ ఖరీదైన పుంజు కోసమే వెతుకుతారు. క్రికెట్టూ అంతే.

ఈ మాటెందుకంటే, మా పోలవరంలో వేసవి పోటీల ముందు ఓ చర్చ మొదలవుతుంది. చందాలేసుకుని రాజమండ్రి నుంచి ఇద్దరు మంచి ఆటగాళ్లని డబ్బిచ్చి తెద్దామని కొందరు. ఆ డబ్బుతో మన కుర్రాళ్లకే కిట్టు కొందామని ఇంకొందరు. చందా పుస్తకం నా గుమ్మం కూడా ఎక్కుతుంది కాబట్టి నాకూ ఓ అభిప్రాయం ఉండక తప్పదు.

మన దక్కన్ ఛార్జర్స్ సంగతే చూడండి. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు 10.7 కోట్ల డాలర్లు పలికింది. ఎక్కువ మందిని కొనడానికి వీలుగా లక్ష్మణ్ తన 'ఐకాన్' హోదానే వదులుకున్నాడు. సైమండ్స్‌కి 13.5 లక్షల డాలర్లు పోశారు. గిల్‌క్రిస్ట్, అఫ్రిది, గిబ్స్... పేర్లు చదువుతుంటేనే కప్పు మనదే అనిపించింది. తీరా చూస్తే 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచాం! కప్పు ఎత్తుకుపోయిందెవరు? అందరికంటే చవగ్గా, 6.7 కోట్ల డాలర్లకి అమ్ముడైన రాజస్థాన్. మరుసటేడు దక్షిణాఫ్రికాలో, చాలావరకు ఆ ఆటగాళ్లే, గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో ఫైనల్లో బెంగళూరును 6 పరుగులతో ఓడించారు. ఆ జట్టులో మన విశాఖ వేణుగోపాలరావూ ఉన్నాడు.

అలాగని డబ్బుకి విలువే లేదా? 2024 వేలంలో అత్యంత ఖరీదైన ఇద్దరు స్టార్క్ (24.75 కోట్లు), కమిన్స్ (20.50 కోట్లు). వాళ్ల జట్లే ఫైనల్ ఆడాయి. మరి 2025లో 27 కోట్ల పంత్ ఉన్న లక్నో ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. ఐపీఎల్‌లో ఖర్చుకి హద్దుంది. అందుకే ఎంత పెట్టారన్నదానికంటే ఎవరిమీద పెట్టారన్నదే తేల్చేది.

అమెరికా బేస్‌బాల్‌లో అలాంటి గట్టి హద్దు లేదు. అక్కడ డబ్బున్న జట్లదే సాధారణంగా పైచేయి. భారీగా ఖర్చుపెట్టే లాస్‌ఏంజెలిస్ డాడ్జర్స్ 2024, 2025ల్లో వరసగా గెలిచింది. కానీ 2002లో న్యూయార్క్ యాంకీస్ జీతాల్లో మూడో వంతు ఖర్చుతోనే ఓక్లాండ్ కూడా సరిగ్గా యాంకీస్ లాగే 103 మ్యాచ్‌లు గెలిచింది. తర్వాత నాకౌట్‌లో రెండు జట్లూ తొలి రౌండ్లోనే ఇంటిదారి పట్టాయి!

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 162 మ్యాచ్‌ల సీజన్లో మంచి ఆటగాడి విలువ నెమ్మదిగా బయటపడుతుంది. మూడు నాలుగు మ్యాచ్‌ల నాకౌట్‌లో ఒక్క చెడ్డ రోజు చాలు, పెట్టిందంతా గోదాట్లో పోసినట్టే. మా పోటీలు ఈ రెండో రకం.

పైగా కిరాయి ఆటగాళ్లిద్దరు దిగితే మన కుర్రాళ్లిద్దరు గట్టున కూర్చోవాలి. ఏడాదంతా ఇసుక తిన్నెల మీద ఆడింది వాళ్లు. గెలిచినా ఓడినా వచ్చినవాళ్లు సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు. కొన్న బ్యాట్లు, ప్యాడ్లు మాత్రం ఊళ్లోనే ఉంటాయి. వచ్చే ఏడు ఇంకో పదిమంది పిల్లలు పట్టుకుంటారు.

చందా తప్పకుండా ఇస్తాను. కిట్టుకైతేనే సుమండీ!